నొప్పి పెరిగితే ఏమవుతుందని మీ భయం? ఒక కేస్ స్టడీ

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో చుట్టుపక్కల ఎటు చూసినా తోటలే. పీచ్, ద్రాక్ష, బాదం, నారింజ. ఆ తోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో, ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో నేను క్లినికల్ సైకాలజిస్టుని. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చి పొలాల్లో, పళ్ళు ప్యాక్ చేసే షెడ్లలో పనిచేసేవాళ్ళు. మనసు బాగోలేదని వాళ్ళంతట వాళ్ళు రావడం చాలా తక్కువ. ఒంటినొప్పితో డాక్టరు దగ్గరికి వస్తారు, డాక్టరుగారు వాళ్ళని వెంటబెట్టుకుని పక్కనున్న నా గదికి తీసుకొస్తారు.

ఈ కేసుని నేను మొదట్లో తప్పుగా చూశాను, అందుకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, ఇలాంటి ఇంకో ఇద్దరి అనుభవాల్లోని ముక్కలు కూడా ఇందులో కలిశాయి. మెక్సికన్లు పెద్దవయసు ఆడవాళ్ళని పేరు ముందు ‘దోన్యా’ చేర్చి పిలుస్తారు, మనం పేరు చివర ‘గారు’ పెట్టినట్టు. పేరు వదిలేసి నేను దోన్యా అనే రాస్తాను.

మొదటి రోజు

2023 అక్టోబరు. ఆవిడకి 47 ఏళ్ళు. సొంతూరు మిచోఆకాన్ రాష్ట్రంలో ఒక పల్లె, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు. భర్త ద్రాక్షతోటల్లో పనిచేస్తారు. ముగ్గురు పిల్లలు, ఆరేళ్ళ మనవరాలు. 2021 వేసవిలో పీచ్ తోటలో మూడుకాళ్ళ అల్యూమినియం నిచ్చెన మీంచి, మెడకి తగిలించుకున్న పళ్ళ సంచితో సహా కుడి భుజం మీదకి పడ్డారు. లేచి, దుమ్ము దులుపుకుని, ఆ రోజు పని గంట అయ్యేదాకా కాయలు కోశారు. మేస్త్రీకి చెప్పలేదు. చెబితే రేపట్నుంచి రావద్దంటాడని. తర్వాత సీజన్‌కి ‘తేలికపని’ అని ప్యాకింగ్ షెడ్డుకి మారారు. అక్కడ బెల్టు మీద కదిలిపోతున్న పళ్ళలో దెబ్బతిన్నవి ఏరి పక్కన వేస్తూ రోజుకి పది గంటలు నిలబడాలి, ఏరేదంతా కుడిచేత్తోనే. భుజం నొప్పి మెడకి పాకింది, మెడ నుంచి నడుముకి. నా దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ నొప్పి అని అడిగితే ఒళ్ళంతా అన్నారు.

దానికి నెల ముందు, సెప్టెంబరులో, ఊళ్ళో ఆవిడ తల్లి చనిపోయారు. వెళ్తే తిరిగి రావడానికి దారి లేదు కాబట్టి వెళ్ళలేదు. సమాధి చేయడం ఫోన్లో వీడియోలో చూశారు, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయిందట. ఆ రాత్రి ఛాతీ పట్టేసింది, కడుపులోంచి వేడి తన్నుకొచ్చి తలకెక్కింది, చేతులు వణికాయి, పెద్దగా అరుస్తూ వంటింట్లో కూలబడిపోయారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగుంది, రక్తపరీక్షలు బాగున్నాయి. యాంగ్జైటీ అని కాగితం మీద రాసి తెల్లారేసరికి పంపించేశారు. ఇంటికెళ్ళాక ఆవిడకి భయం రెట్టింపయింది. ఏమీ దొరకలేదంటే ఏదో కనిపెట్టలేకపోయారని ఆవిడ లెక్క.

మా క్లినిక్‌లో కొత్తగా వచ్చేవాళ్ళందరి చేతా రెండు ఫారాలు నింపిస్తాం. పీహెచ్‌క్యూ-9 డిప్రెషన్‌కి, తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27. జీఏడీ-7 యాంగ్జైటీకి, ఏడు ప్రశ్నలు, మొత్తం 21. రెండింట్లోనూ 10 గానీ అంతకుమించి గానీ వస్తే ఆగి చూడాలి. ఆవిడకి 17, 16 వచ్చాయి. నొప్పి ఎంత అంటే పదికి ఎనిమిది అన్నారు. నేను ఫారాలు చూసి, ఇరవై నిమిషాలు మాట్లాడి, నాకొచ్చిన స్పానిష్‌లో చాలా మర్యాదగానే, మీకు డిప్రెషన్, యాంగ్జైటీ రెండూ ఉన్నట్టున్నాయి, వాటికి చికిత్స చేస్తే నొప్పి కూడా తగ్గుతుందని చెప్పాను.

ఆవిడ చేతిసంచి ఒళ్ళోంచి తీసి భుజానికి వేసుకున్నారు, ఎడమ భుజానికి. "నో ఎస్తోయ్ లోకా, దొక్తోరా." నాకు పిచ్చి లేదు డాక్టరమ్మా. నాకు నొప్పి.

ఆరు వారాలు మళ్ళీ రాలేదు.

నరాలు

ఆవిడని వెనక్కి తెచ్చింది మా ప్రొమోతోరా. ప్రొమోతోరా అంటే మన ఆశా కార్యకర్తలాంటి మనిషి అనుకోండి, ఆ ఊరిదే, ఆ భాషదే, ఇళ్ళకి వెళ్ళి మాట్లాడుతుంది. రెండుసార్లు వెళ్ళి, కాఫీ తాగి, ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారని తెలుసుకుని, డిసెంబరు మొదటి వారంలో తీసుకొచ్చింది.

ఈసారి ఫారాలు పక్కనపెట్టాను. డీఎస్‌ఎం-5లో, అంటే 2013లో వచ్చిన ఆ మానసిక రుగ్మతల పుస్తకంలో, పదహారు ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటుంది, రోగి సంస్కృతిలోంచి సమస్యని అర్థం చేసుకోవడానికి. దాంట్లో నాకు బాగా పనికొచ్చేది ఒక మామూలు ప్రశ్న. మీ ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి ఈ బాధ గురించి చెప్పాల్సి వస్తే ఏమని చెబుతారు? ఆవిడ ఆలోచించకుండా చెప్పారు, "నెర్వియోస్." నరాలు.

ఇక్కడ తెలుగువాళ్ళకి పెద్దగా వివరించక్కర్లేదు. మనకి ‘నరాల బలహీనత’ ఉంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, ఒళ్ళు పీకడం, అన్నిటికీ కలిపి మా అమ్మమ్మ వాళ్ళూ అదే మాట అనేవాళ్ళు, బలానికని సూది వేయించుకునేవాళ్ళు. మెక్సికోలో కూడా నీరసానికీ నరాలకీ బీ-విటమిన్ల సూది వేయించుకోవడం మామూలే. పిల్లలు దడుసుకుంటే జ్వరం వస్తుందని మనం నమ్మినట్టే వాళ్ళకి ‘సుస్తో’ ఉంది, హఠాత్తుగా భయపడితే ఆత్మ ఒంట్లోంచి జారిపోయి మనిషి చిక్కిపోతుందని. దిష్టికి వాళ్ళమాట ‘మాల్ దె ఓహో’, మనం మిరపకాయలు తిప్పిన చోట వాళ్ళు కోడిగుడ్డు తిప్పుతారు. సెప్టెంబరులో ఆ రాత్రి జరిగినదానికి కూడా వాళ్ళ భాషలో పేరుంది, ‘అతాకే దె నెర్వియోస్’. అయినవాళ్ళు పోయినప్పుడో, ఇంట్లో పెద్ద గొడవ జరిగినప్పుడో ఒక్కసారిగా వచ్చే ఏడుపు, అరుపు, వణుకు, ఛాతీలోంచి తలకెక్కే వేడి. మొదట్లో ప్యూర్టోరికో వాళ్ళ మీదే దీని గురించి ఎక్కువ రాశారు, ఇప్పుడు డీఎస్‌ఎం-5 వెనక పదకోశంలో నెర్వియోస్, సుస్తో, అతాకే మూడూ ఉన్నాయి. ఎమర్జెన్సీలో ఆ రాత్రి ఒక్కరైనా ఇది అతాకేనా అమ్మా అని అడిగి ఉంటే ఆవిడ నాలుగు నెలల భయం తగ్గేదని నాకు గట్టి నమ్మకం.

ఒంటిని, మనసుని విడదీయని మాట నెర్వియోస్. నేను అక్టోబరులో చేసింది ఆ మాటని తీసేసి మా పుస్తకాల్లోని రెండు మాటలు పెట్టడం. ఆ రెండు మాటలూ ఆవిడ చెవికి ‘నీ నొప్పి అబద్ధం’ అన్నట్టు వినపడ్డాయి.

అసలు ప్రశ్న

నొప్పికి, డిప్రెషన్‌కి సంబంధం ఉందనేది కొత్త సంగతేం కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2003లో చూసినప్పుడు సగటున 65 శాతం మందికి ఏదో ఒక ఒంటినొప్పి ఉందని తేలింది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. కానీ ఒకే స్థాయి నొప్పి ఉన్న ఇద్దరిలో ఒకరు కుంగిపోయి ఇంకొకరు ఎందుకు నెట్టుకొస్తారు? దీనికి పరిశోధకులు చెప్పే జవాబుల్లో నాకు రోజూ గదిలో కనిపించేది ఒకటి: భయం. నొప్పి అంటే భయం, గుండె దడ లాంటి ఒంటి మార్పులంటే భయం. గుండె కొంచెం వేగంగా కొట్టుకోగానే ప్రాణం పోతుందనుకునేవాళ్ళు, భుజం కలుక్కుమనగానే ఏదో తెగిపోయిందనుకునేవాళ్ళు వీళ్ళు. హ్యూస్టన్ యూనివర్సిటీలో మైకేల్ జ్వోలెన్‌స్కీ బృందం కమ్యూనిటీ క్లినిక్‌కి వచ్చే లాటినోల మీద, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ మీద, ఈ దారిలో చాలాకాలంగా పనిచేస్తోంది. వాళ్ళ పేపర్లలో పదే పదే కనిపించేదేంటంటే, నొప్పి ఎంతుందో దానితో పాటు ఆ నొప్పి గురించిన భయం ఎంతుందో కూడా డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాలతో ముడిపడి ఉంటుందని. ఇలాంటివాటిలో చాలావరకు ఒకేసారి తీసిన కొలతలు కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని వాటిని బట్టి తేల్చలేం.

నేను దోన్యాని అడిగింది ఒక్కటే. "ఈ నొప్పి ఇంకా పెరిగితే ఏమవుతుందని మీ భయం?"

చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో కుడి భుజం కింద ఒకచోట నొక్కుకుంటూ కూర్చున్నారు. తర్వాత వాళ్ళ నాన్న గురించి చెప్పారు.

ఆయన 1970ల మొదట్లో సలీనాస్ లోయలో లెట్యూస్ పొలాల్లో పనిచేశారట. ఆ రోజుల్లో ఇక్కడ కూలీలకి ‘ఎల్ కోర్తీతో’ అనే పొట్టిపిడి గునపంలాంటి పార ఇచ్చేవాళ్ళు. పిడి ఎంత పొట్టి అంటే నడుం రెండుగా మడిస్తే తప్ప నేలకి అందదు. వంగి ఉన్నవాళ్ళు పనిచేస్తున్నట్టు, నిటారుగా నిలబడ్డవాళ్ళు ఖాళీగా ఉన్నట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. ఎన్ని నడుములు విరిగాయో లెక్కలేదు. కూలీల తరఫు లాయర్లు కోర్టుకెక్కాక 1975లో కాలిఫోర్నియాలో దాన్ని నిషేధించారు. ఆయనకి అప్పటికే ఆలస్యమైంది. ఊరికి వెళ్ళిపోయారు, దోన్యాకి ఊహ తెలిసేసరికి కర్ర పట్టుకుని నడిచేవారు, ఆవిడ పదిహేనో ఏట మంచాన పడ్డారు. అన్నీ తల్లే చేసేది, నీళ్ళు పోయడం దగ్గర్నుంచి.

"ఆయనకీ మొదట నడుమే" అన్నారు. "నాకు ఎవరు చేస్తారు? మా అమ్మాయి చదువు మానేస్తుంది." ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. చెయ్యి పడిపోతే షెడ్డులో తీసేస్తారు. భర్త ఒక్కడి కూలీతో అద్దె వెళ్ళదు. ఆస్పత్రి అని తిరిగితే ఎక్కడో ఎవరో కాగితాలు అడుగుతారు.

ఇదంతా ఊహాజనితమైన భయమని ఎవరైనా అనగలరా? ఇందులో ప్రతి ముక్కకీ ఒక చరిత్ర ఉంది, ఒక లెక్క ఉంది. పుస్తకాల్లో మనకి నేర్పేది, రోగి నొప్పిని అతిగా ఊహించుకుంటున్నాడు, ఆ ఆలోచన సరిదిద్దాలి అని. దోన్యా విషయంలో సరిదిద్దాల్సింది ఒకటే ముక్క, నాన్నకి అలా అయింది కాబట్టి నాకూ అలాగే అవుతుంది అన్నది. మిగతావి నిజమైన కష్టాలు, వాటికి కావలసింది సాయం. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి ‘యాంగ్జైటీ’ అని చీటీ అంటిస్తే రెండింటికీ న్యాయం జరగదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. అక్టోబరులో నింపిన ఫారం నిజానికి ఆవిడ నింపింది కాదు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, చదవడం కష్టం, అది నేను అడగనే లేదు. వెయిటింగ్ హాల్లో పధ్నాలుగేళ్ళ కూతురు ప్రశ్నలు పైకి చదివి జవాబులు గుండ్రాలు చుట్టింది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనిపిస్తుందా అని. ఏ తల్లి కూతురికి అవునని చెబుతుంది? సున్నా పెట్టించారు. ఇప్పుడు నేను నెమ్మదిగా అడిగితే, నిద్రలోనే దేవుడు తీసుకెళ్ళిపోతే బాగుండని చాలా రాత్రులు అనుకుంటానన్నారు. తనంతట తాను ఏదైనా చేసుకోవాలనే ఆలోచన ఉందా, ఎలా అనుకున్నారు, ఇంట్లో ఏమున్నాయి, అన్నీ అడిగాను. లేదన్నారు, మనవరాలి పేరు చెప్పారు. అయినా ఆ రోజే కూర్చుని ఒక సేఫ్టీ ప్లాన్ రాసుకున్నాం, ఇలాంటి రాత్రుల కోసం అమెరికాలో ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేసి 2 నొక్కితే స్పానిష్‌లో మాట్లాడతారని చూపించి ఫోన్లో నంబరు వేసి ఇచ్చాను. (ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అలాంటి రాత్రులు ఉంటే, ఇండియాలో టెలీ-మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.)

పిల్లల చేత ఈ ఫారాలు నింపించడం మా క్లినిక్‌లో అప్పట్నుంచి ఆపేశాం.

ప్లాస్టిక్ కవరు

మూడో విజిట్‌కి, ఇంట్లో నొప్పికి వాడేవన్నీ తీసుకురమ్మన్నాను. కిరాణా కొట్టు ప్లాస్టిక్ కవరు నిండా తెచ్చి బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టారు. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, రెండు రకాల నొప్పి మాత్రలూ. ఆర్నికా లేపనం. చామంతి టీ పొట్లం. వదినగారు సరిహద్దు అవతల టిహువానా నుంచి తెచ్చిన విటమిన్ సూదుల డబ్బా. కాళ్ళూ చేతులూ పట్టే సోబదోరా ఇచ్చిన నూనె, సీసా మూతకి గుడ్డ చుట్టి ఉంది. చివర్లో ఆకుపచ్చ మూత డబ్బా ఒకటి, కీళ్ళనొప్పులకి పూర్తిగా మూలికలతో చేసిందని పైన రాసి ఉంది. ఆదివారం సంతలో కొన్నారట. "ఇదొక్కటే పనిచేస్తుంది" అన్నారు. ఆగస్టు నుంచి రోజుకి రెండు.

ఆ డబ్బా చూసి నేను డాక్టరుగారిని పిలిచాను. 2022లో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులమీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, కీళ్ళనొప్పులకని అమ్మే కొన్ని సప్లిమెంట్ల గురించి జనాన్ని హెచ్చరించింది, వాటిలో లేబుల్ మీద చెప్పని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ దొరికాయని. డైక్లోఫెనాక్ నొప్పి మందు, డెక్సామెథసోన్ స్టెరాయిడ్. నొప్పి మాయమైనట్టు ఉంటుంది. దాంతోపాటు నిద్ర పోతుంది, కంగారు పెరుగుతుంది, మనసు అటూ ఇటూ ఊగుతుంది, షుగర్ ఎక్కుతుంది, మొహం ఉబ్బుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఇంకా ప్రమాదం, ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ అప్పటికి ఆగిపోయి ఉంటుంది కాబట్టి. ఆవిడ కొన్న డబ్బాలో ఏముందో మేము ల్యాబులో పరీక్ష చేయించలేదు. కానీ మొహం గుండ్రంగా ఉబ్బి ఉంది, షుగర్ వేసవిలో ఉన్నదానికంటే బాగా పెరిగింది, ఉదయం కార్టిసాల్, అంటే ఒంట్లో తయారయ్యే ఆ సొంత స్టెరాయిడ్, బాగా తక్కువ వచ్చింది. డాక్టరుగారికి అనుమానం అక్కర్లేకపోయింది.

నేను యాంగ్జైటీ అని రాసుకున్నదాంట్లో కొంత ఈ డబ్బాలోంచి వచ్చిందన్నమాట. ఎంత అని విడదీసి చెప్పలేను. సెప్టెంబరు రాత్రికి తల్లి చావు చాలు, ఏ మాత్రా అక్కర్లేదు. కానీ మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతూ తెల్లారేదాకా కూర్చోవడం, ఆ చిరాకు, ఆ కంగారు, ఇవి మొదలైంది ఆగస్టులోనే అని ఆవిడ తర్వాత తేదీలు గుర్తుచేసుకుని చెప్పారు. మొదటి రోజు నేను మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను, లేదన్నారు. మూలికలు ఆవిడ దృష్టిలో మందులు కావు. ఇప్పుడు నేను ప్రశ్న మార్చాను: నొప్పికి ఏమేం తింటారు, తాగుతారు, పూస్తారు, పొడిపించుకుంటారు?

డాక్టరుగారు ఆ డబ్బా ఆపించి, తెలిసిన డోసులో స్టెరాయిడ్ రాసి వారాల మీద తగ్గించుకుంటూ వచ్చారు. జనవరి అంతా చాలా కష్టంగా గడిచింది. నొప్పి తొమ్మిదికి వెళ్ళింది. ఉన్న ఒక్క మంచి మందూ లాగేసుకున్నారని ఆవిడకి మా మీద కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమైనదే. ఆ నాలుగు వారాలూ నేను థెరపీ అనదగ్గదేమీ చేయలేదు. వారానికి రెండుసార్లు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేదాన్ని, ఇది తగ్గే రకం నొప్పి, మందు దిగుతున్నప్పుడు వచ్చేది అని మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని.

పని

జనవరి 2024లోనే ఒక మేలు జరిగింది. కాలిఫోర్నియా 26 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళకి కూడా కాగితాలతో నిమిత్తం లేకుండా మెడి-కాల్ అనే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ తెరిచింది. అప్పటిదాకా ఆవిడ మా దగ్గర ఆదాయాన్ని బట్టి ఫీజు కట్టేవారు, ఫిజియోథెరపీ, స్కానింగ్ అందని మాట. మా సోషల్ వర్కర్ కూర్చుని దరఖాస్తు నింపింది. నా పన్నెండు సెషన్ల కంటే ఆ దరఖాస్తు ఎక్కువ పనిచేసిందని ఎవరైనా అంటే నేను వాదించను.

ఎమ్మారై తీశారు. రిపోర్టులో నడుం దగ్గర డిస్క్ కొంచెం ఉబ్బిందని, అరుగుదల ఉందని రాశారు. స్పానిష్‌లో ఆ మాట ‘దెస్‌గాస్తే’. అరిగిపోవడం. మన దగ్గరా డాక్టర్లు "ఎముక అరిగింది" అంటారు కదా, ఇంటికొచ్చి మనిషి అడుగు వేసినప్పుడల్లా లోపల ఎముక పొడి రాలుతున్నట్టు ఊహించుకుంటాడు. దోన్యా అచ్చం అలాగే వంగడం మానేశారు. నేనూ, ఫిజియోథెరపిస్టూ ఇద్దరం పక్కన కూర్చుని ఆ రిపోర్టు చదివాం. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా స్కానింగులు కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది, అందులో నలభైల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి డిస్క్ ఉబ్బి ఉంది, మూడింట రెండొంతుల మందికి అరుగుదల ఉంది. నెరిసిన వెంట్రుకలాంటిదే ఇది అని ఫిజియోథెరపిస్టు అంది. ఆవిడ తన పాపిట తడుముకున్నారు.

మందు విషయానికొస్తే, డాక్టరుగారు డులోక్సెటీన్ రాశారు, మొదటి వారం 30 మిల్లీగ్రాములు, తర్వాత 60. ఇది డిప్రెషన్‌కీ, యాంగ్జైటీకీ, దీర్ఘకాలపు కండరాల నొప్పికీ మూడింటికీ అనుమతి ఉన్న మందు. నొప్పి మందు అని మాత్రమే చెప్పి ఇచ్చేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు, నాకది నచ్చదు. ఇది నొప్పి కబురు మోసే నరాల మీదా, నెర్వియోస్ మీదా పనిచేస్తుంది, దీన్నే డిప్రెషన్‌కి కూడా ఇస్తారు, పిచ్చివాళ్ళ మందు కాదు, అలవాటై మత్తెక్కించేది కాదు, కానీ చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు అని మొత్తం చెప్పాం. రెండు వారాలు కడుపులో వికారం ఉంది. తట్టుకున్నారు.

ఇక నా వంతు. నొప్పికి భయపడేవాళ్ళు కదలడం మానేస్తారు, కదలక బిగుసుకుపోతారు, నొప్పి పెరుగుతుంది, దిగులు పెరుగుతుంది అని పాఠం. దోన్యా అలా లేరు. షెడ్డులో పది గంటలు పళ్ళు బిగబట్టి చేసేవారు. దీనికి వాళ్ళమాట ‘అగ్వంతార్’, ఓర్చుకోవడం, అది ఆడవాళ్ళకి ఒక ఆభరణంలాంటి గుణం వాళ్ళలోనూ. ఇంటికొచ్చాక మాత్రం మంచం దిగేవారు కాదు. అంటే బతుకుతెరువుకి ఓర్పు, తనకి ఇష్టమైనవాటికి భయం. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చోవడం, తోర్తియా రొట్టెలు ఒత్తడం, పెళ్ళిళ్ళలో డాన్సు, మనవరాలికి జడ వేయడం, అన్నీ ఒక్కొక్కటిగా వదిలేశారు. సుఖం ఇచ్చేవన్నీ పోయి నొప్పి పెట్టేదొక్కటే మిగిలితే ఎవరికి దిగులు రాదు!

అందుకే పని రెండు వైపుల నుంచీ చేయాల్సి వచ్చింది. షెడ్డులో అరగంటకోసారి చెయ్యి మార్చడం, విరామంలో ఫోన్ చూడకుండా భుజాలు తిప్పడం. బెల్టుకి రెండోవైపు నిలబడతానని అడగడానికి ఆవిడకి మూడు వారాలు పట్టింది, ఎలా అడగాలో నా గదిలో నాలుగుసార్లు చెప్పి చూసుకున్నారు. అడిగితే సూపర్‌వైజర్ సరేనంది. ఇంట్లో మాత్రం పెంచడం. ఏది కావాలి అని అడిగితే జడ అన్నారు, ‘త్రెన్సా’.

జడ వేయాలంటే రెండు చేతులూ ఛాతీ ఎత్తున పది నిమిషాలు ఉండాలి. మొదటివారం ఉన్నిదారం మూడు పాయలు కుర్చీ వీపుకి కట్టి రెండు నిమిషాలు అల్లారు. చేతులు ఎత్తే ముందు ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నారో, అల్లాక ఎంత వచ్చిందో రెండూ చెప్పమనేదాన్ని. తొమ్మిది అనుకుంటే ఆరు వచ్చేది. ఇంకోరోజు ఎనిమిది అనుకుంటే ఎనిమిదే వచ్చింది, మర్నాటికి అయిదుకి దిగింది, చెయ్యి పడిపోలేదు. ఆ తేడా ఆవిడే తన కళ్ళతో చూడాలి, నేను చెబితే దిగేది కాదు. గుండె దడకి కూడా ఇలాగే, క్లినిక్ వెనక మెట్లు ఇద్దరం గబగబా ఎక్కి, దడ వచ్చాక నిలబడి అది దానంతటదే తగ్గేదాకా చూసేవాళ్ళం. డాక్టరుగారు గుండె బాగుందని ముందే చూశాకే ఇది మొదలుపెట్టాం.

మార్చిలో తల్లి గురించి మాట్లాడారు. అప్పటిదాకా రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశారు. సమాధి చేసేటప్పుడు సిగ్నల్ పోయిన ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగిందో చెల్లెల్ని ఎప్పుడూ అడగలేదట, అడగాలంటే భయం. ఇంటికెళ్ళి అడిగారు. ఏమీ జరగలేదు, పూలు వేశారు, చెల్లెలు ఆవిడ పేరు చెప్పి ఒక గుప్పెడు మట్టి వేసింది. ఆ మాట చెబుతూ నా గదిలో ఏడ్చినంతసేపు భుజం నొక్కుకోలేదు. కోవిడ్ రోజుల్లో ఇక్కడి నుంచి తండ్రి అంత్యక్రియలు వాట్సాప్‌లో చూసిన తెలుగు కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒకరికి మెడనొప్పి మొదలై ఇప్పటికీ తగ్గలేదు. వీసా ఉన్నవాళ్ళకే అలా ఉంటే, ఏ తలుపూ లేనివాళ్ళ సంగతి వేరే చెప్పాలా.

ఎంత తగ్గింది, ఏది తగ్గలేదు

2024 జూన్‌లో పీహెచ్‌క్యూ-9 ఎనిమిది, జీఏడీ-7 తొమ్మిది, ఈసారి ప్రొమోతోరా చదివితే ఆవిడ చెప్పారు. తొమ్మిదో ప్రశ్నకి సున్నా. నేను విడిగా మళ్ళీ అడిగాను, సున్నానే. షుగర్ దిగింది. నొప్పి పదికి ఆరు. ఎనిమిది నుంచి ఆరు, అంతే. నొప్పి పోగొట్టానని నేను చెప్పుకోలేను. నిద్ర రాత్రికి అయిదున్నర గంటలకి పెరిగింది.

నిచ్చెన మీంచి పడిన సంగతి ఇప్పటికీ ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పనిలో గాయపడ్డవాళ్ళకి పరిహారం విషయంలో కాగితాలు అడ్డు కావని చెప్పాం, ఉచితంగా సలహా ఇచ్చే లాయరు నంబరు ఇచ్చాం. వద్దన్నారు. నేను ఒకసారి ఎక్కువ ఒత్తిడి చేశాను కూడా, తర్వాత ఆపేశాను. ఆ తలుపు తడితే ఏమవుతుందో అనుభవించాల్సింది ఆవిడ.

ఈ కేసుని పట్టుకుని లాటినోలంతా ఇంతే అనుకోకండి. 2020 జనాభా లెక్కల్లో అమెరికాలో వాళ్ళు 6.2 కోట్లు, మెక్సికో వాళ్ళు, ప్యూర్టోరికో వాళ్ళు, క్యూబా వాళ్ళు, సాల్వడార్ వాళ్ళు, అందరి బతుకులూ వేరు. మా ఊళ్ళోనే మెక్సికోలోనే ఒహాకా రాష్ట్రం నుంచి వచ్చిన మిస్తెకో ఆదివాసులున్నారు, వాళ్ళకి స్పానిషే రెండో భాష, వాళ్ళకి నెర్వియోస్ అన్న మాట కూడా సరిపోకపోవచ్చు. ఇక్కడ పుట్టి పెరిగిన లాటినోలకంటే వలస వచ్చినవాళ్ళలో మానసిక రుగ్మతలు మొత్తం మీద తక్కువని పెద్ద సర్వేల్లో కనిపించింది. ఆ అంకె చూసి దోన్యాలాంటివాళ్ళకి అవసరం లేదనుకుంటే మాత్రం పొరపాటు, వాళ్ళలో చాలామంది మా గదుల దాకా రారు, వచ్చినా ఫారం కూతురు నింపుతుంది.

ఆగస్టులో పీచ్ సీజన్ మధ్యలో వచ్చారు. ఆ వారం షెడ్డులో ఆరు రోజులూ పని, నొప్పి మళ్ళీ ఎనిమిదికి ఎక్కింది, కళ్ళ కింద నలుపు. అక్టోబరు నాటి అంకే. ఏమవుతుందని భయపడుతున్నారు అని అడిగాను. "శనివారం దాకా నొప్పి పెడుతుందని" అన్నారు. మనవరాలు పక్కనే కూర్చుని ఉంది, రెండు జడలు, కుడివైపుది కొంచెం వదులుగా. తర్వాతి అపాయింట్‌మెంటు సెప్టెంబరు రెండో వారానికి రాసుకున్నాం, తల్లి పోయి ఏడాది అయ్యే రోజుకి రెండు రోజుల ముందు.